ముప్పావు

ధర్మాబాద్ మిర్చి యార్డుల
రాత్రి పదింటికి కీబోర్డు మీద చెయ్యి పెడితే
తుమ్ము వస్తది.
ఈ కాటా ప్రోగ్రాము రాసింది నేనే:
తొడిమలు తీసే ఆడోళ్ల కూలి లెక్క.

కాటా చెప్పేది డబుల్.
నేను పెట్టిన డబ్బా ఇంట్.
"ఇది అండ్ల పట్టదు" అని
కంపైలర్ ఎర్రగ అరిచింది ఆ దినం.
చిన్న సంచిది పెద్ద సంచిల పోస్తే కిమ్మనదు;
మా తాత కంకటి, బళ్లె నేను కంకటివార్ అయితే
ఎవరరిచిన్రు?
పెద్దది చిన్నదాంట్ల కుక్కాల్నంటే మాత్రం
సంతకం పెట్టుమంటది.
పెట్టిన.
బ్రాకెట్ల మూడక్షరాలు.
నోరు మూసుకున్నది.

ముప్పై ఎనిమిదీ ముప్పావు కిలోలు తీసిన భూదవ్వకు
ముప్పై ఎనిమిదే పడ్డయి.
సగం దాటితే పైకి పోతదని బళ్లె చదివినం గదా,
ఇది పైకి పోదు. నరుకుతది.
యార్డుల మరాఠీల పావుణ అంటరు,
మా ఇంట్ల ముప్పావు.
పరకకూ వీసానికీ సుత పేరున్న భాషల పుట్టి
నేను చేసిన డబ్బాల
వాటికి జాగ లేదు.

మిర్చి జోరుమీదున్న వారం
వరుసల నూటిర్వై ఎనిమిదో మనిషి భూదవ్వ.
టోకెన్లకు బైట్ చాలనుకున్న.
నూటిర్వై ఏడు దాటంగనే తిరగబడ్డది.
తెర మీద ఆమె నంబరు
మైనస్ నూటిర్వై ఎనిమిది.
"ఏం బిడ్డా, నిలబడ్డందుకే బాకీ పడ్డనా?"
అందరు నవ్విన్రు. నేను సుత.

అప్పుడు కొంగుల నుంచి జర్దా డబ్బా తీసి
నా బల్ల మీద కుమ్మరించింది.
ఎండిన తొడిమలు.
కాటా మీద చూసిన ఒక్కో పావుకు ఒక్కటి.
నూట ముప్పై ఎనిమిది.
"ముప్పై నాలుగున్నర కిలోలు" అన్నది,
"ఆ అర నరకకు."

డబుల్‌కు మార్చి చూసిన మొదలు.
పదోవంతును పదిసార్లు కలిపితే
ఒకటికి వెంట్రుకవాసి తక్కువ వచ్చింది.
కిలోలే తీసేసిన.
ఇగ అన్నీ గ్రాములు, నిండు సంఖ్యలు, లాంగ్‌ల:
ముప్పై ఎనిమిది వేల ఏడువందల యాభై.

పాత తొడిమల సంగతి
శేటును రేపు అడగాలె.
కంప్యూటర్ తప్పు అంటడు.
సంతకం నాది.

జర్దా డబ్బా ఇక్కడ్నే విడిచి పోయింది.
మూత సరిగ్గ పడ్తలేదు.
మళ్లొక తుమ్ము.