రెండు దగ్గర

పెరంబూరు బస్సులో
ఓ కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది.
"ఎన్నో నెలక్కా?"
ఏడో నెలే.
కాకపోతే నెల వాడిది, కడుపుది కాదు.
వాడు ఇంట్లో అమ్మ ఒళ్ళో
ఉగ్గు ఉమ్మేస్తూ ఉంటాడు ఈ వేళకి.
కాదని చెప్పలేదు. కూర్చున్నాను.
అంతగా నొస్తోంది నడుము.

జానెడు పొట్ట కోసం అంటారు కదా,
ఆ జానెడులో నాకు బెత్తెడు సందు.

కయల్విళి మేడమ్ కొలిచింది.
వ్యాసర్పాడిలో మందుల షాపు మీద, ఇరుకు మెట్లెక్కితే ఆమె గది.
పచ్చ రెక్సిన్ బల్ల,
గోడకి చర్మం వలిచేసిన మనిషి బొమ్మ.
వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి
తల కాస్త ఎత్తమంది.
పొట్ట నడిమధ్య పొలంగట్టులా ఏదో లేచింది.
ఆ గట్టు మీద వేళ్ళు దించింది.
నాలుగూ మునిగాయి,
కలిపి మూతపెట్టిన పిండిలో దిగినట్టు.

"అటో కండ, ఇటో కండ, మధ్యలో తెల్లనార.
బిడ్డ పెరుగుతుంటే జరిగి చోటిచ్చాయి.
బిడ్డ వచ్చేసిన సంగతి
వాటికింకా ఎవరూ చెప్పలేదు."
ఆమె చెప్పింది తమిళంలోనే.
పొట్ట సంగతి కదా, నాకు తెలుగులో వినబడింది.

గబుక్కున లేవొద్దంది,
పక్కకి ఒత్తిగిలి, చెయ్యి ఊని లెమ్మంది.
ఫోన్లో చూసి కసరత్తులు చెయ్యొద్దంది.
నీళ్ళ బిందె ఎత్తొద్దంది.
ఇక్కడ మాత్రం నవ్వొచ్చింది,
మెట్రో నీళ్ళ లారీ ఆవిడ వీధికి రాదు కాబోలు.
మర్నాడు దామోదర్
నైట్ షిఫ్ట్ కళ్ళతోనే ఆకుపచ్చ బిందె భుజానికెత్తాడు.
వరసలో ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు.
అందులో ఎగతాళి ఎంతో, మర్యాద ఎంతో
ఇప్పటికీ తేలలేదు.

"నడికట్టు విప్పేశావు, అందుకే," అంది అమ్మ.
పాత నేతచీర చింపి
ఊపిరాడకుండా చుట్టింది తనే.

ఊపిరి వదులుతూ బొడ్డుని వెన్నుకి చేర్చాలి,
తడిబట్ట గచ్చుకి అంటుకున్నట్టు.
మేడమ్ లెక్కపెడుతుంది: ఒణ్ణు.
నేను లోపల: ఒకటి.
రెండు దగ్గర ఇద్దరం కలుస్తాం.
మూణు అంటుంది, మూడు అంటాను,
మళ్ళీ ఎవరి దారి వారిది.

మొదటి నెల, నాలుగు వేళ్ళు నాలుగే.
మెట్ల మీద కూర్చుని ఏడిస్తే
షాపు కుర్రాడు ఓ ఆర్ ఎస్ పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు,
ఏ రోగమనుకున్నాడో.
తర్వాత మూడున్నర. చాన్నాళ్ళు మూడున్నర.
వానలు పట్టుకున్నాక ఓ సాయంత్రం
మేడమ్ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి,
అడుగున చాప తగిలినట్టు.
"రెండు," అంది.
"రెండు," అన్నాను పైకే.
ఏ భాషలో అన్నామో ఇద్దరికీ పట్టలేదు.

ఆ రాత్రి చాప మీద నేను మడమలు జరుపుతుంటే
అమ్మ పాలగ్లాసుతో గుమ్మంలో నిలబడి చూసి, చూసి
"నాకూ ఓసారి పట్టి చూడవే" అంది.
పడుకుంది. చీర జరిపింది.
ముగ్గుపిండి రాలిపోయిన వాకిలిలా చారలు.
తలెత్తమన్నాను.
నా నాలుగు వేళ్ళూ దిగి, ఇంకా చోటుంది.

ముప్పై నాలుగేళ్ళు దీన్ని గ్యాస్ అనుకుందట.
గోలీసోడాలు తాగింది, జీలకర్ర నమిలింది,
నడుం పట్టేస్తే అంట్ల గిన్నెల్ని తిట్టింది.
తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు వెడల్పు చేశారు గానీ
ఆ సందు తెరిచింది నేను.
చెయ్యి వెంటనే తియ్యలేకపోయాను.

"ఇప్పుడు కూడుకుంటుందా?"
"తెలీదమ్మా. శనివారం మేడమ్‌ని అడుగుదాం."
"ఎంత తీసుకుంటుందే?"
చెప్పాను.
అమ్మ దిగ్గున లేవబోయింది.

"పక్కకి," అన్నాను భుజం పట్టుకుని,
"పక్కకి ఒత్తిగిలి లే."