కాశిమేడు ఐసు

కరెంటు పోయి మూడో రోజు.
వ్యాసర్పాడి కార్పొరేషన్ బడి, నాలుగో తరగతి గది,
ఇప్పుడు మా మందుల గోదాము.
నల్లబల్ల మీద ఎవరో పిల్లవాడు సగంలో వదిలేసిన ఏడో ఎక్కం.
దాని కింద సుద్దముక్కతో నా లెక్క:
డాక్సీసైక్లిన్ పెట్టెలు పద్నాలుగు,
ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు వేల చిల్లర,
ఇన్సులిన్ సీసాలు నూట పది,
చల్లదనం లేదు.

చల్లదనం స్టాకులో రాసే వస్తువు కాదు.
అయినా రాశాను.

మధ్యాహ్నం దాటాక అరుళప్పన్ వచ్చాడు,
తొడల దాకా నీళ్లలో చేపల బండి తోసుకుంటూ.
కాశిమేడులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయట,
ఐసు మిల్లు జనరేటరు ఒక్కటే మొరాయించలేదట.
చేపకి వేసేది మనిషికి వేస్తే తప్పా అని
అరవంలో అడిగాడు.
తప్పో ఒప్పో చెప్పే తీరిక ఎవరికుంది?

ఎండ తగిలితే ఇన్సులిన్ చస్తుంది,
గడ్డకట్టినా చస్తుంది.
ఐసుకీ సీసాకీ నడుమ తడిగోనె ఒక మడత,
దాని మీద నా లుంగీ ఒక మడత,
నెలల బిడ్డకి పక్క వేసినట్టు.
సాయంత్రానికి సీసా సీసాకీ వంజరం వాసన.
హెడ్డాఫీసు నుంచి ఫోను, కోల్డ్ చైన్ సరిగ్గా ఉందా అని.
ఉందండీ అన్నాను,
పొలుసులతో సహా.

వరండాలో రెండు వరసలు.
ఎడమ పక్క బాధితులు, కుడి పక్క సిబ్బంది.
కాగితం మీదా అవే రెండు గళ్లు.
రెండు వరసల నడుమ పెంచలమ్మ నిలబడిపోయింది.
వీపు మీద కార్పొరేషన్ పచ్చకోటు,
చేతులకి పాల కవర్లు, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు,
చెప్పుల్లేని కుడికాలు,
మేకు దిగిన చోటు తెల్లగా నాని, పెదవిలా తెరుచుకుని.

"నాదే లైను సామీ?" అంది
నెల్లూరు వదిలి మూడు తరాలైనా వదలని తెలుగులో.
"పొద్దన్నించీ అణ్ణానగర్లో వాళ్ల ఇళ్లకాడ బురదెత్తి వస్తా ఉండా.
మా ఇంటి బురద అట్నే ఉండాది."
కుడి వరసలో, నీకు మీ ఆఫీసే ఇస్తుంది పొమ్మన్నారట.
ఎడమ వరసలో, జీతం కోటు వేసుకుని ఇక్కడికెందుకన్నారట.
"కోటు ఇప్పేసి రమ్మంటావా?"
ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది,
ఒక గుండీ అప్పటికే తీసి.

పదకొండేళ్లుగా ఇదే పని నాది.
తుపాన్లు, రెండు కలరాలు, ఒక భూకంపం.
ఆ గళ్లు గీసింది ఎవరో కాదు,
నేనే. స్కేలు పెట్టి.

ఎస్తేరు సిస్టరు ఏ గడీ చూడలేదు,
కాలు చూసింది.
కడిగి, కట్టు కట్టి, టెటనస్ సూది వేసింది.
రెండు మాత్రలు చేతిలో పెట్టి, అన్నం తిని వేసుకో అంటే
"ఏడన్నం?" అని పెంచలమ్మ.
బిస్కెట్ పొట్లం వెతికేసరికి నాకు పది నిమిషాలు పట్టింది,
అది స్టాకులో లేదు, నా సంచిలో ఉంది.

గ్లవుజులు ఇచ్చాను, ఉన్నవి అవే, ఆపరేషన్ గదివి.
వేలు దూర్చి సాగదీసి చూసి తిరిగిచ్చేసింది.
"ఇయ్యి పురుటికి బాగుంటాయి సామీ, పారకి ఆగవు."
పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి గాలి పీల్చింది.
"వంజరమా? దినాలైంది కూర తిని."
నవ్వింది. నేనూ నవ్వాల్సింది.

ఆమె పేరు గీత మీదుగా రాశాను,
'పెంచ' బాధితుల్లో, 'లమ్మ' సిబ్బందిలో.
హెడ్డాఫీసుకి ఇండెంటు రాయడానికి కూర్చుంటే
బూట్లు అని రాయగానే పక్క గడి అడిగింది, సైజు?

అడగనేలేదు నేను.
ఐసు చుక్కచుక్కగా బకెట్లోకి కారుతోంది.
లాంతరెత్తి చూస్తే, గడప మీద
ఎడమకాలి బురద అచ్చు ఇంకా తడిగానే ఉంది.
స్కేలు తీసుకుని లేచాను.