ఖాళీ జాగా

కొండని నల్ల పలకలా కోసి
మూడు గొలుసులతో కట్టి
విశాఖ రేవుకి తీసుకుపోయే లారీ.
టెక్కలి నించి దిగుతూ
నరసన్నపేట దాటాక టీ కోసం పక్కకి తీస్తోంది.
దానికీ కాలవకీ మధ్య జానెడు సందులోంచి
ఎడమ పక్కన దూరొచ్చేశాను నేను,
కాళ్ల దగ్గర టీకాల పెట్టె.
బుధవారం. ఐసు కరిగిపోతుందన్న తొందర.

డ్రైవరు తవిటయ్య తిట్టలేదు.
లారీ ముందు స్కూటీ ఆపించి,
టీ గ్లాసు గట్టు మీద పెట్టి
"ఓపాలి ఎక్కి సూడమ్మా" అన్నాడు.

కుచ్చిళ్లు ఒక చేత్తో, ఇనప కడ్డీ ఒక చేత్తో,
అటక ఎక్కినట్టు ఎక్కాను.
ఎండకి వెలిసిపోయిన అరసవల్లి సూర్యుడు,
చెమట వాసన తువ్వాలు,
సగం తిన్న జీడిపప్పు పొట్లం.
అద్దంలోంచి చూస్తే
రోడ్డు ఎక్కడో దూరంగా మొదలైంది.
బంపరు ముందు ఆపిన నా స్కూటీ లేదు.
ఎర్ర స్కూటీ. మొన్ననే కడిగింది.
పట్టపగలు, లేదు.

"మా గుంటడు ఎక్కడున్నాడో సెప్పు."
కుడి అద్దం చూశాను. ఎడమ అద్దం చూశాను.
డొంక, తాటిచెట్టు, రాయి అంచు,
ఆకాశం ముక్క.
"ఇక్కడే ఉన్నానమ్మా" అంది గొంతొకటి
ఎడమ తలుపు కింద.
క్లీనరు గౌరీసు అరచేత్తో రేకు మీద బాదుతున్నాడు.
చప్పుడుంది. మనిషి లేడు.
ఇందాక నేను దూరొచ్చింది
సరిగ్గా అక్కణ్నించే.

తవిటయ్య బొటనవేలు వెనక్కి చూపించాడు.
"బ్రేకు మీద కాలేత్తాను. బండి ఇంటాది.
రాయి ఇనదు. రాయికి సెవులుంతాయేటి?
అందుకే ముందర జాగా ఒగ్గుకుంటాను.
అదే నా బ్రేకు.
ఖాళీగున్నాది కదాని
మీరొచ్చి దాంట్లో కూకుంటారు."

ఎప్పుడైనా ఎవరినైనా... అని అడగబోయాను.
అతను గ్లాసులోకి చూస్తున్నాడు.
టీ మీద మీగడ కట్టింది.
అడగలేదు.

ఇప్పుడు లారీ వెనకాల పడితే
ముందు దాని అద్దం వెతుక్కుంటాను.
సగం మీసమో, ఒక కన్నో,
చెవిలో పెట్టుకున్న బీడీయో కనబడితే
నేనూ రోడ్డు మీద ఉన్నట్టు లెక్క.
కనబడకపోతే
నేనింకా పుట్టలేదనుకుని వెనక్కి తగ్గుతాను.

మొన్న మడపాం వంతెన మీద
రాయి లారీ వెనకే నిదానంగా వస్తుంటే
వెనక కారువాడు హారన్ మీద హారన్.
పోనిమ్మని చెయ్యి ఊపాను.
పోయాడు.
లారీకి ముందున్న జాగాలోకి,
దర్జాగా, ఇల్లు కొనుక్కున్నవాడిలా.
లారీ ఎర్రదీపాలు ఒక్కసారి వెలిగి
చాలాసేపు ఆరలేదు.
గొలుసులు కిర్రుమన్నాయి.
కింద వంశధార,
ఇసకలో పాయలు పాయలుగా.

ఆ పూట పావుగంట ఆలస్యం.
పెట్టెలో ఐసు కొంచెం నీరయింది,
టీకాలు చల్లగానే ఉన్నాయి.
వంతెన అవతలి ఊళ్లో మొదటి బిడ్డ,
నలభై అయిదు రోజులది,
సూది తగలగానే
వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది.