పసుపు రంగు అదనం

టొలీడోని గాజు ఊరంటారు.
ఇక్కడి ముసలివాళ్ళని అడిగితే
దేశంలో సగం కిటికీలు తామే పోతపోశామంటారు.
నా పని
ఆ కిటికీల్లో పగిలినవాటికి చెక్క కొట్టి
చెక్క మీద కిటికీ బొమ్మ వేయడం.

ఉద్యోగం కాదు, కాంట్రాక్టు.
కిటికీకి ఇరవై రెండు డాలర్లు, తలుపుకి ముప్పై.
రంగు డబ్బాలతో పాటు సిటీ హాలువాళ్ళు ఓ కాగితం ఇచ్చారు:
తెర తెలుపు. చట్రం గోధుమ రంగు.
పూలకుండీ ఒకటి. కావాలంటే పిల్లి.
మనిషి బొమ్మ వేయరాదు.

హెమ్లర్ వీధి, పద్నాలుగు వందల పదిహేడు.
తలుపు మీద నారింజ రంగు నోటీసు
దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి,
సినిమాలు మారిన గోడలాగా.
ఇల్లుగలవాడు మనిషి కాదు, కంపెనీ.
కంపెనీకి వేరే రాష్ట్రంలో ఒక పోస్టు పెట్టె.
గడ్డి కోయించిన బిల్లు
చెత్త ఎత్తించిన బిల్లు
జరిమానా, జరిమానా మీద వడ్డీ
అన్నీ పంపినవి పంపినట్టే తిరిగొచ్చాయని
ఇన్‌స్పెక్టర్ ఒడెట్ బ్రాంట్లీ చెప్పింది
నా నిచ్చెన పట్టుకుని.
ఆమె కింద మూడు వందల నలభై ఇళ్ళు.
ఒక్కదాని తాళంచెవీ ఆమె దగ్గర లేదు.

పక్కింటి ఇలోనా వర్గా కాఫీ తెచ్చుకుంది
(నాకు కాదు, తనకే).
కంచె మీద మోచేయి ఆనించి
"మేడ మీద ఎడమ కిటికీ, అందులో దీపం పెట్టు" అంది.
"షాండోర్‌కి రాత్రి షిఫ్టు.
కొలిమి దగ్గర్నుంచి వచ్చి
ఒంటిగంటకి సూప్ వేడి చేసుకునేవాడు.
ఆ వెలుతురు సరిగ్గా నా దిండు మీద పడేది.
ఇరవయ్యేళ్ళు తిట్టుకున్నాను."

కాగితంలో దీపం ఊసు లేదు.
వద్దనలేదు కదా అనుకున్నాను.
సొంత డబ్బా తెరిచి
పసుపులో కాస్త తెలుపు, చిటికెడు ఎరుపు,
మధ్యలో చిక్కగా, అంచులకి పోనుపోను పలచగా.

నవంబరులో సిటీ హాలుకి ఫోను:
ఖాళీ ఇంట్లో ఎవరో చేరారు,
రాత్రిళ్ళు లైటు వెలుగుతోంది.
ఒడెట్ ఇద్దరు పోలీసుల్ని వెంటేసుకొచ్చింది.
టార్చి వేసి చూస్తే
పసుపులో అతుక్కుపోయిన నా బ్రష్షు వెంట్రుక.
చిన్న పోలీసు పడీపడీ నవ్వాడట.
పెద్దతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని
"మా అమ్మమ్మ ఇల్లు రెండు వీధులవతల.
దానికీ వేస్తాడా?" అన్నాడట.

రిపోర్టులో ఒడెట్ రాసింది:
నివాసి లేరు. దీపం ఉంది.
నాకు చివాట్లు పడ్డాయి.
కాగితం చివర కొత్త వాక్యం వచ్చి చేరింది:
దీపం వేయరాదు.

ఏప్రిల్లో ఆ ఇంటి వంతు వచ్చింది.
ముందు గ్యాసు కోశారు, తర్వాత నీళ్ళు.
దుమ్ము లేవకుండా పైపుతో తడిపారు.
ఎన్నాళ్ళకో ఆ ఇంటికి తలంటు.
యంత్రం ఒక పక్క కొరికితే
మేడ గది వీధికి తెరుచుకుంది:
ఆకుపచ్చ పూల గోడకాగితం, ఒక మేకు,
మేకు కింద క్యాలెండరంత మేర మాత్రం
రంగు వెలవని చతురస్రం.

ఆ ఒక్క చెక్కా ఇమ్మంది ఇలోనా.
ఇవ్వకూడదు, రూలు.
యంత్రం నడిపే కుర్రాడు ఇంజను ఆపి
అటు తిరిగి, చాలాసేపు సిగరెట్టు వెలిగించుకున్నాడు.

ఇప్పుడక్కడ గడ్డి.
పక్కింటివాళ్ళయితే వంద డాలర్లకే స్థలం,
గడ్డి పెరగనివ్వమని సంతకం చేస్తే.
ఇలోనా చేసింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి
మిషను నెట్టుకుంటూ
షాండోర్ వంటగది ఇదీ, మెట్లు ఇవీ అని
వరసలు మారుస్తూ కోస్తుంది.
చెక్క షెడ్డుకి తలుపయింది.
రాత్రి కుక్కలు దాన్ని చూసి మొరుగుతాయట.

నా బిల్లు మొన్న వచ్చింది.
పది కిటికీలు, రెండు తలుపులు.
తొమ్మిదింటికే ఇచ్చారు.
మేడ మీద ఎడమదాన్ని గీత పెట్టి కొట్టేసి
పక్కన ఎవరో గుండ్రటి అక్షరాలతో
కారణం రాశారు:
పసుపు రంగు అదనం.