ఆరో పలక

రంగశాయిపేట నుంచి పొద్దుగాల నాలుగింటికి
ట్రాలీ బయల్దేరుతది.
ముందట డ్రైవరు, వెనక నేను, ఓదెలు, మొగిలి,
మా కింద టార్పాలిన్, దాని కింద పలకలు.
ఈ నెల లక్నవరం, వచ్చే నెల పాకాల,
ఆ తర్వాత తాడ్వాయి, వానలు తెరిపిస్తే కడెం.
నాలుగు చోట్ల ఒకే కంపెనీ, ఒకే కాగితం:
కాటేజీ ముందర పన్నెండుకు పది అడుగులు.
డెక్కు అంటరు వాళ్లు.
మేం అరుగనే అంటం.

కాగితం మీద నేల చదునుగ ఉంటది.
లక్నవరంల బండ, డ్రిల్లు పళ్లు రాలగొట్టుకున్నది.
పాకాలల రేగడి, మాపటికి పాతిన గుంజ
తెల్లారేసరికి వేలెడు కుంగింది.
తాడ్వాయిల ఎర్రమట్టి, దాని కింద చెదపుట్ట.
చెదలు మా పలకలను వాసన చూసి
మర్యాదగ మర్రిపోయినయి.

అది కట్టె గాదు మరి.
రంపపు పొట్టూ ప్లాస్టిక్కూ కలిపి కాచి
అచ్చుల పోసిన సరుకు.
కోస్తే టేకు వాసన రాదు,
రబ్బరు చెప్పు కాలినట్టు ఉంటది.
చిత్రిక పడితే చుట్టలు లేవవు.
నార ఉన్నది, ముద్రేసిన నార.
ముడి కూడ ఉన్నది,
ప్రతి ఆరో పలక మీద అదే ముడి,
బర్రె కన్ను లెక్క, ఎడమకు జరంత వాలి.

మా బాపు కనకాచారి
ముడి మీద బొటనవేలు ఆనించి
ఈడ కొమ్మ విరిగింది,
ఇది కరువేడు, గీ దిక్కు పొద్దు
అని చెప్పుకుంట పోయేటోడు.
ఈ ముడి మీద నేను వేలు పెడితే
నున్నగ ఉంటది, అంతే.
మొగిలి మొదటి రోజే అన్నడు:
"మామా, గీ కొమ్మ ఎన్నిసార్లు విరిగింది?"

పని మాత్రం పనే.
సన్న పైపుల నీళ్లు నింపి
ఒక కొస ఓదెలు, ఒక కొస నేను.
"జర దించు." "ఇంకా?" "ఆగు, ఆగు."
వెనకాల చెరువు
అంత పెద్ద మట్టం పరుచుకొని పండుకున్నది,
మమ్ముల ఎవలూ అడగలేదు.

పలకకూ పలకకూ నడుమ మొల మందం సందు.
సూపర్‌వైజరు పిలగాడు అఖిలేశ్ వచ్చి
"సందెందుకు? మేడమ్‌ల చెప్పులు ఇరుక్కుంటయి" అన్నడు.
"ఎండకు సాగుతయి సారూ,
జాగ ఇయ్యకుంటే ఒకదాన్నొకటి లేపుకుంటయి."
మా వాడకట్టు లెక్కనే అనబోయి ఊకున్న.

తాడ్వాయిల ఏడో కాటేజీ ముందు ఇప్పచెట్టు.
కాగితంల లేదు.
మొదలు కొట్టెయ్యమన్నరు,
తర్వాత ఫారెస్టోళ్లు ఊకోరన్నరు,
ఆఖరుకు, "చుట్టూ కోసి టైటుగ బిగించు,
ఫొటోల మంచిగ రావాలె."
మొదలుకు దారం చుట్టి కొలిచిన.
అన్ని దిక్కుల జానెడు కలిపి గీసిన.
"ఇదేంది?"
"పెరుగుతది గద."
"ఎంత?"
ఆ లెక్క నాకు రాదు. బాపుకు వచ్చేది.

మాఘం పోయినంక ఆ సందుల నుంచి
ఇప్పపూలు అరుగు కిందికి రాలినయట.
ఒక రాత్రి గుడ్డెలుగు కింద దూరి
తిన్నన్ని తిన్నదట, పైన
హైదరాబాదు జంట ఊపిరి బిగబట్టి.
మరుసటి వారం గదులన్నీ నిండినయి.
అఖిలేశ్ ఫోన్ చేసి
"ఎంత సందు వదిలినవ్?" అని అడిగిండు,
మిగిలిన మూడు చోట్ల గూడ కావాలట.
"చెట్టేది?" అన్న.

మూడేండ్లకు మరమ్మతుకు పిలిచిన్రు.
కడెంల నాలుగు పలకలు, పాకాలల రెండు గుంజలు.
ప్రతి ఆరో పలక మీద బర్రె కన్ను
నాలుగు చోట్లా ఒక్కతీరుగ వెలిసిపోయింది.
తాడ్వాయికి చీకటి పడంగ చేరినం.
ఇప్పచెట్టు కాడ కూసొని
సందుల జాన చాపి పెట్టిన.
చిటికెన వేలు బెరడుకు తగిలి
వంగింది.

కొత్త సూపర్‌వైజరు టార్చి కొట్టి చూసి
ఏడో కాటేజీ, రిపేరు ఏం లేదు
అని రాసుకున్నడు.
నేను మొగిలిని రంపం తెమ్మన్న.