తెర వెనక గది

సరిహద్దు ఆరింటికి తెరుస్తారు.
అప్పటికే గోమా వైపు ఆడవాళ్లు
తలల మీద గంపలతో వరస కట్టి ఉంటారు.
నా గదికి తలుపు లేదు, తెర ఉంది.
పూల గుడ్డ. ఎవరింట్లోనో కిటికీకి పొట్టిదై
ప్రభుత్వానికి పనికొచ్చింది.

నేను వెతికేది బంగారం కాదు, తూటాలూ కాదు.
ఊదితే ఎగిరిపోయే సంచులు.
గిసెన్యీ కొట్లలో వాటికి చోటు లేదు.
ఉల్లిపాయలైనా రొట్టెలైనా కాగితంలోనే కట్టాలి,
వానొస్తే పరుగెత్తాలి.

పదేళ్లకి చేతులు చదువు నేర్చాయి.
ఒళ్లు మెత్తగా కదులుతుంది.
ప్లాస్టిక్ మాట్లాడుతుంది,
ఎండుటాకుల మీద కోడి నడిచినట్టు.
మనిషి అబద్ధానికి నోరు తెరిచేలోపే
నడుము నిజం చెప్పేస్తుంది.

ఫురాహా మొదటిసారి దొరికినప్పుడు
నాలుగు వందల సంచులు చుట్టుకుని ఉంది.
నల్లవి, ఉల్లిపొర కన్నా పల్చనివి.
నేను కొస పట్టుకుని లాగుతుంటే
గోడ మీద బల్లిని చూస్తూ
దారపుండలా గిర్రుగిర్రున తిరిగింది.
"మీ ఊళ్లో వీటికి ఇంత గిరాకీ ఏంటమ్మా,
మా ఊళ్లో కాలవ నిండా ఊరికే ఉంటాయి" అంది.
నవ్వొచ్చింది. నవ్వకూడదు.
రశీదు పుస్తకం తీశాను.

అందులో ఒక గడి: సరుకు స్వభావం.
ఏం రాయను?
నాలుగు టమాటాల్ని కొట్టునుంచి ఇంటిదాకా
పావుగంట మోసి,
ఆ తర్వాత మునిమనవల కాలానికీ చావనిది అనా?
గడి వేలెడంత.
'సంచులు' అని రాశాను.
ఆమె వేలిముద్ర వేసింది.
గంపలో చిలగడదుంపలు మాత్రం తీసుకుపొమ్మన్నాను.

చెప్పకూడదు గానీ,
నా బీరువా అడుగున ఒకటి ఉంది.
చట్టం రాకముందుది. నీలం రంగు,
ఎప్పుడో మూతబడ్డ చెప్పుల కొట్టు పేరు సగం చెరిగింది.
అందులో మా అమ్మ ఫొటో.
కప్పు కారిన ఏడు ఇంట్లో కాగితమన్నదల్లా ముద్దయింది,
అమ్మ మొహానికి చుక్క తగల్లేదు.
నా ఇంటికి తెర ఉంది, తలుపూ ఉంది.
నన్నెవరూ తడమరు.

మొన్న మార్చి వానల్లో
ఫురాహా కడుపుతో వచ్చింది.
"ఈసారి నిజందే" అంది నేనడక్కముందే.
అందరూ అదే అంటారు.
అలా అన్నావిడ ఒకామె
ఆర్నెల్లలో మూడుసార్లు నిండు నెలలతో దాటింది.
తెర లాగాను. గుడ్డ ముడి విప్పమన్నాను.
వానకి చల్లబడ్డ చేతులు,
రుద్దుకోకుండానే పెట్టాను.

చప్పుడు లేదు.
ఇంకాస్త పక్కకి జరిపాను.
లోపల్నించి ఒక మడమ
నా అరచేతిని ఫెడీమని తన్నింది,
చీకట్లో ఇంట్లో దూరినవాణ్ణి తన్నినట్టు.

చెయ్యి తీయడం మర్చిపోయాను.
వరసలో వెనకావిడ దగ్గుతోంది.
ఫురాహా బల్లి కోసం గోడంతా వెతికి,
చివరికి నన్నే చూసింది.
"దీనికీ రశీదు రాస్తావా?"

సాయంత్రం డ్యూటీ దిగి కివు ఒడ్డున నడిచాను.
అలలు ఆ దేశం నుంచి ఈ దేశానికి
ఎప్పట్లాగే ఏవో నల్లటివి మోసుకొచ్చాయి.
సరస్సు కడుపు ఎవరు తడుముతారు?

సంబజా చేపలు కొన్నాను, గుప్పెడన్ని.
అమ్మాయి కాగితం పొట్లం కట్టిచ్చింది,
రూలు ప్రకారం.
నల్లరాళ్ల ఎత్తు ఎక్కేసరికి
పొట్లం అడుగు నాని జారిపోయింది.
వెండి చిల్లరలా దారంతా చేపలు.
సైకిలు మీది కుర్రాడు ఆగి మరీ నవ్వాడు.
దించి ఏరుకున్నాను, ఒక్కొక్కటీ,
ముద్ర ఉన్న నా టోపీలోకి.

రాత్రి రెండుసార్లు సబ్బుతో ఉతికాను.
రేపు ఆరింటికి మళ్లీ అదే టోపీ.
తెర తీయగానే వరసలో మొదటావిడ
ముక్కు ఎగబీలుస్తుంది,
నా వైపు ఒంగి,
ఎక్కడ దాచానా అని.