వాల్వు తిప్పే ముందు

హనుమంతవాక మలుపు దాటాక
కొండవాలు కాలనీకి నీళ్లు వదిలే పని నాది.
తెల్లారి నాలుగూ పదికి
ఇనుప మూత తీసి, గోతిలోకి వంగి
పదమూడు చుట్లు తిప్పుతాను.
పద్నాలుగో చుట్టుకి కింద సందులో పైపు పగులుతుంది.
ఈ ఉద్యోగంలో నాకు తెలిసిన శాస్త్రం అంతే.

గురుబారి పెద్దమ్మ కంటి ఆపరేషనుకని దిగింది
కిరండోలు పాసింజరులో, సొరంగాలు లెక్కపెట్టుకుంటూ.
లెక్క మధ్యలో నిద్రపోయిందట.
ఒక కంటికి పచ్చగుడ్డ.
రెండో కన్నూ, ముక్కూ, నాలికా
పనిచేస్తూనే ఉన్నాయి.

కుళాయి నీళ్లు గ్లాసుతో ఇస్తే
తాగలేదు. వాసన చూసింది.
బ్లీచింగు వాసన కింద ఇంకేదో వెతికింది,
సంతలో తప్పిన మేకపిల్లను
పరాయి మందలో వెతికినట్టు.
"ఇది మన గెడ్డే కదేటి," అంది.

తాటిపూడి దగ్గర ఆపుతారు పెద్దమ్మా,
శుద్ధి చేసి మోటార్లతో తోస్తారు,
గోస్తనే, బొర్రా కింద దూరి వచ్చేదే, అన్నాను.
ఆమె వినడం లేదు.
చాలాసేపు గ్లాసులోకి చూసి
"దుంపల చేదు ఇటే వచ్చిందన్నమాట," అంది.

మాకు శ్రావణం ఆకలి నెల.
చేదుదుంప చక్రాల్లా తరిగి, ఉడికించి,
వెదురుబుట్టలో పోసి
లోయ ఇరుకైన చోట, రెండు బండల మధ్య
పారే నీటిలో కట్టేస్తారు. ఒక రాత్రి, ఒక పగలు.
నురగ పోతుంది. నాలిక దురద పోతుంది.
తొందరపడి తిన్న మా చిన్నాన్న
రెండు రోజులు గోడలతో మాట్లాడాడు.
ఆ విషాన్ని నీళ్లు ఎక్కడికి మోసుకుపోయేవో
ఎవరమూ అడగలేదు.
కిందికి, అంతే.
కింద అంటే మాకు ఊరు కాదు, ఒక దిక్కు.

"పాపం, ఈలంతా తాగీసినారు,"
కిటికీలోంచి అపార్టుమెంట్ల దీపాలు చూస్తూ
నిజంగానే నొచ్చుకుంది.
నాకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

మర్నాడు వద్దన్నా నా వెంట వచ్చింది.
గోతి అంచున గొంతుక్కూర్చుంది.
నేను చక్రం పట్టుకోగానే
"ఎవుల్నడిగినావు?"

గుండంలో కాలు పెట్టే ముందు
మావాళ్లు గట్టున నిలబడి పేరు చెప్తారు.
నేను ఫలానా, ఫలానా ఇంటిదాన్ని,
రెండు కుండలు, ఇంతకే వచ్చాను.
మూడు సామగింజలు నీళ్లలో వేస్తారు.
పురిటి బట్టలకు కింది మడుగు,
చావుస్నానానికి ఇంకా కిందిది.
పై గుండంలో చేప పట్టరు,
అక్కడ నీళ్లు నిద్రపోతాయి.
ఇవి చదివి నేర్చినవి కావు. ఆరేళ్లప్పుడు
చెప్పకుండా దూకితే వీపు నేర్చుకున్నవి.

"ఏఈ గారి ఆర్డరుంది," అన్నాను.
"గెడ్డకి సదువొచ్చేటి?"

కింద బిందెలు అప్పటికే మోగుతున్నాయి.
ఎవరో ఈల వేశారు, ఎవరో నా పుట్టుక ఎత్తారు.
వంగి, గోతిలోకి, ఎవరికీ వినపడకుండా:
నేను కొర్రా త్రినాథుని, సోమ్రి కొడుకుని.
రెండొందల ఎనభై గడపలు, నలభై నిమిషాలు,
ఇంతకే వచ్చాను.
సామలు లేవు. జేబులో వేరుశనగ గింజలు మూడు.

నీళ్లకు ముందు పైపులో గాలి వస్తుంది
పెద్ద నిట్టూర్పులా. రోజూ వచ్చేదే.
పెద్దమ్మ తలాడించింది,
అటునుంచి కబురు అందినట్టు.

కట్టు విప్పారు. ఆమె రైలెక్కింది.
నేనింకా గొణుగుతూనే ఉన్నాను.
మొన్న పైవరస ముసలాయన
నీళ్లు ఈమధ్య తియ్యగా వస్తున్నాయన్నాడు.
క్లోరిను స్టాకు అయిపోయిందని
నేను చెప్పలేదు.